విరాళములు కూర్చు విధము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల వాననీరు మూసీ, ఈసీ నదుల గుండ హైదరాబాదు వైపునకే పాఱును. 1908 సెప్టెంబరు 28న మూసీ వఱద యచట వేలాది ప్రాణములను హరించెను. పిమ్మట ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడినను, 2020 అక్టోబరు వానలకు మఱల ననేక గృహములు మునిగెను. కావున సభ్యులకు మేము సూచించు క్రమ మిది.

ఆపద రాకమునుపే యింటింట దినమున కొక పిడికెడు బియ్యము వేఱుకుండలో వేయవలెను. నెలకు కిలోకు తగ్గదు. ఆపద కలిగినప్పుడు బాధితుల కేమి కావలెనో విచారించి, పట్టిక వ్రాసి, పిమ్మటనే యడుగవలెను. లేనిచో పాతబట్టలు కుప్పపడును, బియ్యము చాలదు. ఇద్దఱు స్వయంసేవకులు కలిసి తూచి రసీదు నీయవలెను. జమాఖర్చులు సంఘసభలో చదువవలెను. పుచ్చుకొన్నవారి పేళ్లు మాత్రము చదువరాదు. లెక్క దాచినచో దాత విశ్వాసము, పేరు చాటినచో గ్రహీత మానము చెడును.