చెట్టు ఒకరిది, కాపు ఒకరిది, నీరు అందరిది

నూజివీడు ప్రాంతమున తోటకు యజమాని ఒకరు, కాపునకు యజమాని వేరొకరగుట తరచుగా కానవచ్చును. పూతకు ముందో, పూత చూచిన వెంటనేయో వర్తకుడు తోటను గుత్తకు తీసికొనును. ఒక్కొక్కప్పుడు రెండు మూడేండ్లకును. రైతునకు సొమ్ము ముందుగా అందును. మంచు, గాలివాన, ధర పడిపోవుట మున్నగు నష్టముల భయము గుత్తదారునిపై పడును. ఈ ఏర్పాటును చెడ్డదనుట న్యాయము కాదు. పెట్టుబడి లేని చిన్న రైతునకు ఇది ఆధారమే.

చిక్కు వేరొకచోట నున్నది. బంగినపల్లి, చిన్నరసము, కలెక్టరు చెట్లు దశాబ్దములు కాయగలవు. గుత్తదారుని లెక్కయో, గడువుతో ముగియును. మామిడి ఒక ఏడు విరివిగా కాచి మరుసటి ఏడు కొంత విశ్రమించుట సహజము. ఆ విశ్రాంతి అతనికి నష్టము. కనుక పాక్లోబ్యుట్రజాల్ అను మందును పాదులలో పోయించి పూత రప్పించుట కలదు. చెట్టు వయస్సును, కొమ్మల విస్తీర్ణమును బట్టి తగుమోతాదున వాడినచో మేలే. కాని మందు నేలలో నిలుచును. ఎరువు, తడి చాలనియ్యక ఏటేటా పోసినచో చిగుళ్లు కురుచబారి చెట్టు నీరసించును. వర్తకుడు వెళ్లిపోవును, ఆ చెట్టు రైతునకు మిగులును. కావున గుత్త పత్రమున ధరతోపాటు ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు అనునదియు, కోత పిమ్మట కొమ్మ కత్తిరింపు, ఎరువు ఎవరి బాధ్యత అనునదియు వ్రాసికొనవలెను. నోటిమాట గుత్తలలో జారిపోవునవి ఇవియే.

నీటి సంగతి ఇద్దరి పత్రమునకు లొంగునది కాదు. ఈ మెట్టభూములలో బోరుబావులే ముఖ్యాధారము. కొన్నిచోట్ల మామిడి తీసి, ఏడాది పొడవునా తడి కోరు ఆయిల్‌పామ్ నాటుచున్నారు. ఒకరు బోరు లోతు పెంచినచో పొరుగువాని బోరు ఎండును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, బావుల నమోదును విధించినది; ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపున అనుమతి లేనిదే మోటారు బావి త్రవ్వరాదన్నది. చట్టము మండలము, జిల్లాల వారీగా నడచును, భూగర్భజలమునకు ఆ హద్దులు లేవు. అంతకుముందు కృష్ణాజిల్లాలో ఒకటిగా నున్న ఈ మామిడిసీమలో, 2022 ఏప్రిల్ 4న నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి ఏలూరు జిల్లాలోను, రెడ్డిగూడెం, విస్సన్నపేట, నున్న మామిడి మార్కెట్టు ఎన్టీఆర్ జిల్లాలోను చేరినవి.

గీత ఎక్కడ గీచినను ఇరువైపుల గ్రామములవారు కలిసి, వర్షాకాలము ముగిసినప్పుడును, నడివేసవిలోను తమ ఊటబావుల నీటిమట్టము కొలిచి, ఆ లెక్కను గ్రామసభలో చదివి, ఉభయ మండలాధికారులకును పంపవచ్చును. దీనికి ఒక తాడు, ఒక రాయి, ఒక పుస్తకము చాలును.