విశాఖ చెకప్‌కు ముందు ఇంట్లో పని

ప్రశ్న: రాజాం ప్రాంతపు ఇల్లాలు ఒకరు రాశారు. భర్తకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, పంపింగ్ తగ్గిందన్నారు. విశాఖలో డాక్టరు గదిలోకి వెళ్లేసరికి ఆమెకు అడగాల్సినవేవీ గుర్తుండటం లేదు.

జవాబు: ఆ కంగారు సహజం. ఆమె చేయగల అతి విలువైన సాయం మాత్రం ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే, టిఫిన్‌కు ముందు, ఆయన బరువు చూసి నోటుబుక్కులో రాయాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఒంట్లో నీరు చేరుతోందేమో అనుకోవాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి, తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి.

ఆ పుస్తకంలోనే ప్రశ్నలూ రాసుకోవచ్చు. ఎకో, ఈసీజీ, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మందుల అట్టలు వెంట ఉండాలి.

ఉప్పు ఎక్కువుండే ఎండుచేపలు, ఊరగాయ దూరం పెట్టక తప్పదు; ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇదే కష్టం. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు సొంతంగా వేయకూడదు, అవి నీరు చేరుస్తాయి. స్టెంట్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపితే ప్రాణాపాయం.

ఖర్చుల సంగతికొస్తే, ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం ఉంది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ఏ పరీక్షలు, మందులు అందులో వస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగాలి. పనిలో పనిగా ఆ ఇల్లాలు తన బీపీ కూడా చూపించుకోవాలి.