సావాసానికి వేరే గ్లాసా?

ప్రశ్న: మాది చిలమత్తూరు దగ్గర పల్లె. నా కూతురి కొడుకు, పదేళ్లవాడు, ఎండాకాలం సెలవులకని బెంగళూరు నుంచి వచ్చినాడు. ఎస్సీ కాలనీ పిల్లోడొకడితో జత కుదిరింది. పొద్దస్తమానం ఇద్దరిదీ ఒకటే ఆట. మొన్న వాణ్ని ఇంట్లోకి పిలుచుకొచ్చి నీళ్లియ్యమన్నాడు. వసారాలో విడిగా ఉండే గ్లాసులో పోసిచ్చినాను. మావాడు ఆ గ్లాసే లాక్కొని తాగినాడు. ఇప్పుడు ఏమిచ్చినా అందులోనే పొయ్యమంటాడు. కోప్పడితే అన్నం మానేస్తాడు. మాకేం ద్వేషం లేదు, ఊరి కట్టుబాటు. ఏం చెయ్యాల?
– ఒక అవ్వ

జవాబు: అమ్మా, ద్వేషం లేదన్నారు, నమ్ముతాను. కానీ ఆ గ్లాసు అందుకున్న పిల్లోడికి ద్వేషానికీ కట్టుబాటుకీ తేడా ఎట్లా తెలుస్తుంది?

ఇట్లాంటిది పిల్లల మనసులో ఎట్లా నాటుకుంటుందో వినండి. 1901 ఎండాకాలం సెలవుల్లో చిన్నపిల్లోడైన అంబేడ్కర్ అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి ఉద్యోగం చేసే ఊరికి బయల్దేరాడు. కొత్త బట్టలు, ఒకటే సంబరం. మసూరు స్టేషన్లో దిగాక కులం తెలిసి బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగకు ఒకడు ఒప్పుకున్నా, బండి పిల్లలే తోలుకోవాలన్నాడు. డబ్బాలో తిండి ఉంది. తాగను నీళ్లిచ్చేవాళ్లు లేక ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు. ముప్పై ఏళ్లు దాటాక కూడా ఆ దాహం మరవక అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు.

హోటల్లో వేరే గ్లాసు పెడితే 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. మీ వసారాలోకి పోలీసులు రారు లెండి. అక్కడ మీ మనవడే వచ్చినాడు.

ఆ గ్లాసు తీసెయ్యండి. దానికి తతంగమేం వద్దు. ‘మావాడు ఎవర్నైనా కలుపుకుపోతాడు’ అని నలుగురిలో పొగడొద్దు, రెండోవాడు చిన్నబోతాడు. ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి ముద్ద, ఊరిబిండి వడ్డించండి. వాళ్లింట్లో పెడితే మీవాణ్నీ తిననియ్యండి. మీ దగ్గరి వీరాపురానికి వచ్చే కొంగల్ని చూస్తామంటే పెద్దవాళ్లనెవరినైనా తోడిచ్చి పంపండి.

నా దిగులంతా జూన్ గురించే. మీ మనవడు బస్సెక్కి పోతాడు, ఆ పిల్లోడు ఊళ్లోనే ఉంటాడు. ఎవరన్నా మాటంటే పడేది వాడూ, వాళ్లమ్మా. అందుకే ఆమెతో ఇప్పుడే మాట్లాడండి. ‘ఆ ఇంట్లోకి ఎందుకు పోయినావ్?’ అని ఎవరైనా వాణ్ని గదమాయిస్తే ‘నేనే పిలిచినా’ అనాల్సింది మీరు. బెంగళూరు నుంచి ఫోనొచ్చినప్పుడు వాణ్నీ పిలిచి మాట్లాడించండి. వసారాలో కాదు, ఇంట్లో.