మన బిడ్డలు త్రాగు నీరు

(ఆదివార పాఠశాల ఉపాధ్యాయులకును, యౌవనస్థుల సమాజములకును)

చదువవలసిన భాగములు: 2 రాజులు 2:19-22, యెహెజ్కేలు 34:17-19, మత్తయి 10:42.



యెరికో పట్టణస్థులు ఎలీషాతో చెప్పుకొనిన కష్టము మనకు క్రొత్తది కాదు. ఊరు బాగున్నది, నీరు మాత్రము బాగులేదు. ప్రవక్త వారిని ఓర్చుకొనుడని పంపివేయలేదు. నీటి ఊటయొద్దకే నడచి వెళ్లెను. మనమును నేడు మన ఊటయొద్దకు వెళ్లుదము.

1. కంటికి కనబడని కీడు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నవి. ఇచ్చట వాన తక్కువ. చెరువు నిండని యేడు బోరుబావియే దిక్కు. మన నేలక్రింది రాతిలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీరు ఆ రాతిలో ఎంత ఎక్కువ కాలము నిలుచునో అంత ఎక్కువగా అది కరుగును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. ఈ నీరు తేటగానే యుండును. కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది మరింత చిక్కబడును. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి.

2. బిడ్డలకే ఎక్కువ నష్టము

పుట్టినది మొదలు సుమారు ఎనిమిదేండ్లవరకు పండ్ల పైపూత చిగుళ్లలో ఏర్పడుచుండును. అప్పుడు త్రాగిన నీటి గురుతు జీవితాంతము నిలుచును. దానినే మనము గారపండ్లందుము. పాపము, బిడ్డ పండ్లు తోముకొనలేదని తల్లి గద్దించును. ఎంత తోమినను అది పోదు. నవ్వు వచ్చినప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొను ఆడపిల్లను మీరు చూచియుందురు. ఆ తప్పు ఆమెది కాదు. ఇట్టి నీరు అనేక సంవత్సరములు త్రాగినయెడల ఎముకలును కీళ్లును బిగిసికొని, పని చేయువాడు వంగలేనివాడగును.

3. ఇది న్యాయమునకు చేరిన మాట

బలిసిన గొఱ్ఱెలు తేటనీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకచేయుటను యెహెజ్కేలు ఖండించెను. మన ఊళ్లలో సొమ్ముగలవాడు క్యాను నీరు కొనును. కూలివాని బిడ్డ బోరునీరు త్రాగును. కలుషితము కాని నీరును గాలియు జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పెను. పిల్లలకు శుభ్రమైన త్రాగునీరు కావలెనని చెప్పు 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికను మన దేశము 1992లో అంగీకరించెను. గనుక మంచినీరు అడుగుట బిచ్చము కాదు. 1995, 1996 సంవత్సరములలో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము అనంతపురము జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామములకు నీరు తెచ్చెను. మన సంఘమునకు వెలుపలివారు చేసిన ఈ మేలును కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను. మన వంతు ఏమని ప్రశ్నించుకొనవలెను.

4. విద్యార్థులకు నేర్పవలసినవి

(అ) ఊరి పటము గీయించుడి. ప్రతి బోరు, కొళాయి, ట్యాంకు గుర్తించి, ఏ వీధివారు ఏ నీరు త్రాగుచున్నారో వ్రాయించుడి. ధర్మవరము పిల్లలు పట్టునూలు అద్దకపు నీరు ఎటు పోవుచున్నదో కూడ చూడవచ్చును.

(ఆ) ఒక్కొక్క బోరునీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో వేరువేరుగా పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాలయమునకు పంపుడి. ఒకే ఊరిలో రెండు బోర్లు సమానముగా నుండవు.

(ఇ) పిల్లలను వరుసగా నిలిపి పండ్లు చూడకుడి. సిగ్గుపరచుట సేవ కాదు. ప్రతి మచ్చయు ఫ్లోరైడు మచ్చ కాదు. దానిని దంతవైద్యుడు చెప్పవలెను.

(ఈ) ఫలితములను అందరు చదువునట్లు గోడమీద అంటించి, గ్రామసభలో అర్జీ ఇయ్యుడి. అంతవరకు మంచి నీటిని త్రాగుటకును వంటకును ఉంచి, చెడ్డ బోరును ఉతుకుటకు వాడుడి.

(ఉ) పాలు, రాగులు, ఆకుకూరలు బిడ్డలకు పెట్టుడి. చింతపండు తినిన బాలురకు ఫ్లోరైడు మూత్రములో ఎక్కువగా బయటికి పోయెనని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి. అయినను ఆహారము మంచినీటికి బదులు కానేరదు.

ఎలీషా వేసిన ఉప్పు మన బోరులో వేసినయెడల ఫ్లోరైడు పోదు. అయితే ఆ దినమున క్రొత్త పాత్రను తెచ్చియిచ్చినవారు ఆ ఊరివారే. నేడు విద్యార్థి చేతిలోని సీసాయు నోటుపుస్తకమును మనము తేగల క్రొత్త పాత్ర. చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్లిచ్చుటను ప్రభువు లెక్కించును. ఆ గిన్నెలోనిది ఎట్టి నీరో మనము ఎరిగియుండవలదా?

చర్చించుటకు ప్రశ్నలు

1. మన పాఠశాల పిల్లలు త్రాగు నీటిని ఎన్నడైన పరీక్షించితిమా?
2. మన ఊరిలో చెడ్డ నీరు ఎవరి వంతున పడుచున్నది? ఎందుచేత?
3. వచ్చే నెల కూడుకొనులోగా మొదటి సీసాను ఎవరు తీసికొని వెళ్లుదురు?