జాకీ: బలము, భద్రత

చిత్తూరు, పలమనేరుల నడుమనున్న మొగిలి ఘాట్‌లో మామిడికాయల లారీ టైరు పగిలితే, టన్నుల బరువును ఒక్క మనిషి హైడ్రాలిక్ జాకీతో పైకెత్తుతాడు. మూసిన పాత్రలోని ద్రవంపై పీడనం అంతటా సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి మూలం. చిన్న ముషలకంపై చూపిన బలం, 50 రెట్ల వైశాల్యం గల పెద్ద ముషలకం వద్ద 50 రెట్లవుతుంది. అది లేచే ఎత్తు మాత్రం 50వ వంతే.

పాత లారీతో వచ్చిన జాకీని ముందుగా పరీక్షించాలి. నూనె కారేది బరువును నిలుపలేదు. బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, తక్కిన చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, నట్లను ముందే వదులు చేయాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. దృఢమైన దిమ్మెలు ఆనించనిదే బండి కిందికి దూరరాదు. లోపలి చిన్న వాషరు అరిగినా లారీ కిందికి దిగుతుంది. పోయిన ప్రాణం తిరిగి రాదు.