అటకమీది యంత్రము

కృష్ణాజిల్లాలోని బందరు పట్టణమును, దానిని చేరియున్న చిలకలపూడిని ఎఱుగని ఆంధ్రులు అరుదు. చిలకలపూడి గిల్టునగలు దేశమంతట ప్రసిద్ధములు. రాగితో గాని ఇత్తడితో గాని చేసిన గాజులకు, గొలుసులకు పనివారు పలుచని బంగారుపూత పూయుదురు. లోపలి లోహము చౌకదైనను, పైనున్న బంగారమునకు చిలుము పట్టదు. కనుకనే నగ కొంతకాలము వన్నె తఱుగక నిలుచును.

ఇట్టి పూతయే మనము ఊహింపని మఱియొక వస్తువునందును కలదు. పాత కంప్యూటరు పెట్టెను విప్పి చూచినచో లోపల కొన్ని పచ్చని పలకలు నిలువుగా గ్రుచ్చబడియుండును. వీనిని కార్డులందురు. ఒక్కొక్క కార్డు అడుగున దువ్వెనపండ్లవలె వరుసగా మెఱయు పట్టీలు కనబడును. ఆ మెఱుపు బంగారముది. రాగిపట్టీకి చిలుము పట్టినచో విద్యుత్తు చక్కగా ప్రవహింపదు. అందువలన తయారు చేసినవారు దానికి బంగారుపూత వేసిరి. నగకు అందమునకై వేయు పూత ఇచ్చట పనికై వేయబడినది.

ఈ కొంచెపు బంగారమే ఆ యంత్రములకు మృత్యువైనది. పాతసామానులను తూకమునకు కొన్నవారిలో కొందఱు ఆ పలకలను ఆమ్లములలో ముంచి బంగారమును తీయుదురు. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని చేయును. ఆ ద్రవము నేలను, కాలువలను విషమయము చేయును. ఇట్టి వ్యర్థములను అనుమతి పొందిన కేంద్రములకే అప్పగింపవలెనని మన ప్రభుత్వము నియమములు చేసినది.

అయినను లోకమున మఱియొక తెగవారు కలరు. వారు ఆ యంత్రములను కొని, తుడిచి, బాగుచేసి, వాని శక్తిని పెంచి, మరల నడిపింతురు. నాణెములను, తపాలాబిళ్ళలను సేకరించువారివలె వీరికిని అది ఒక వేడుక. కాని ఒక భేదము కలదు. నాణెము పెట్టెలో ఊరక యున్నను నాణెమే. కంప్యూటరు నడువనిచో అది వట్టి పెట్టెయే. కనుక ఈ సేకర్త చేతిపని ఎఱిగినవాడు కావలెను.

మన దేశమునకు మొదటి డిజిటల్ కంప్యూటరు 1955లో ఇంగ్లండునుండి వచ్చి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో నెలకొనెను. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు టిఫ్రాక్ అను యంత్రమును స్వయముగా నిర్మించి నడిపిరి. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దాని స్థాపనకు మూలపురుషులు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.–12 అను కంప్యూటరును వెలువరించెను. 1981లో అమెరికాలోని ఐ.బి.ఎం. వారు బల్లపై ఇముడు పర్సనల్ కంప్యూటరును అమ్మకమునకు పెట్టిరి. 1984లో ఆరంభమైన ‘క్లాస్’ అను పథకము ద్వారా మన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అను యంత్రములు వచ్చెను. అట్టి యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేడు మనము చేతిఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు.

ఇంత అల్పమైన యంత్రములను ఇప్పుడు బాగుచేయుట ఎందుకు? దీనికి సమాధానముగా ఒక చిన్న కథ చెప్పుకొందము. కథలోని మనుష్యులు కల్పితులే. కాని అందలి పనులన్నియు నిజముగా చేయదగినవే.

దివిసీమలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండెను. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానును ఆయన కన్నులార చూచినవాడు. ఆ దినమున సముద్రము ఉప్పెనయై నేలమీదికి వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు ఊళ్ళను ముంచెను. ఆ తుపానునకు వేలకొలది జనులు బలియైరి. తరువాత ఆయన ఊరూరు తిరిగి, బ్రతికి బయటపడినవారు చెప్పిన మాటలను, వారు కోల్పోయినవారి పేళ్ళను నోటుపుస్తకములలో వ్రాసికొనెను. 1992లో పట్టణమునకు పోయి, ఆ వ్రాతను తెలుగులిపిలో కంప్యూటరున కెక్కించి, రెండు ఫ్లాపీలపై భద్రపఱచెను. కాలక్రమమున నోటుపుస్తకములు చెదలపాలయ్యెను. ఫ్లాపీలు మాత్రము ఇనుపపెట్టెలో మిగిలెను.

ఒకనాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ఆ పెట్టెను తెఱచి, నల్లని చదరపు తొడుగులను చూచి, “తాతయ్యా, వీనిలో ఏమున్నది?” అని యడిగెను.

“ఊరున్నదమ్మా. నీవు చూడని మన పాత ఊరు” అని ఆయన బదులు చెప్పెను.

ఐదుంబావు అంగుళముల ఆ ఫ్లాపీని పట్టు అర నేటి కంప్యూటరులో లేదు. బందరులోనున్న ఆమె మేనమామకు పాత కంప్యూటరులన్న మక్కువ. ఆమె ఫ్లాపీలను ఆయనయొద్దకు కొనిపోయెను. ఆయన కొన్నిదినములకు పూర్వమే గుడివాడలో ఒక పాతసామానుల అంగడిలో తూకమునకు సిద్ధముగానున్న 286 జాతి కంప్యూటరును కొని, రైలులో బందరు తెచ్చియుండెను. అది ఒకప్పుడు ఒక బియ్యపుమిల్లులో లెక్కలు చూచినది.

“మామయ్యా, ఇంక ఆలస్యమెందుకు? స్విచ్చి వేయుము” అని ఆమె తొందరపెట్టెను.

“వలదమ్మా. ముప్పదియేండ్లు నిద్రించినదానిని లేపుటకు ముందు నాడి చూడవలెను” అని ఆయన పెట్టెను విప్పెను.

సముద్రతీరమున గాలిలో ఉప్పు, తేమ అధికముగా నుండును. దుమ్ముతో కలిసి అది పలకలపై పొరవలె పేరుకొనును. ఆయన మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, బంగారుపట్టీలను పెన్సిలు రబ్బరుతో తేలికగా రుద్దెను. గట్టిగా రుద్దినచో పూతయే పోవును.

పిమ్మట ఆయన పలక మూలనున్న చిన్న బ్యాటరీని చూపెను. యంత్రమును ఆపినప్పుడును గడియారము నడచుటకై దానిని అమర్చియుందురు. ఇది నికెల్, కాడ్మియము అను లోహములతో చేసినది. ఏండ్లు గడచినకొలది దానినుండి క్షారద్రవము కారి రాగిదారులను తినివేయును. ఈ యంత్రములోను అట్లే ఆకుపచ్చని చిలుము ప్రాకియుండెను. ఆయన బ్యాటరీని కత్తిరించి తీసి, క్షారమును విఱుచుటకు కొంచెము నిమ్మరసమును పూసి, డిస్టిల్డు వాటరుతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆఱనిచ్చెను. ఒకచోట దారి తెగిపోయియుండగా వెండ్రుకవంటి తీగను టంకము పెట్టి అతికెను. కొత్త బ్యాటరీని మాత్రము పలకకు దూరముగా నుంచి తీగతో కలిపెను. అది మున్ముందు కారినను పలక చెడదు.

చిప్పులను ఆయన బొటనవ్రేలితో ఒక్కొక్కదానిని అదిమెను. యంత్రము వేడెక్కి చల్లారుచుండగా చిప్పులు తమ గూళ్ళనుండి మెల్లగా పైకి లేచును. పాడైపోయినదని పాఱవేసిన యంత్రము ఈ చిన్న అదుముటతో నడచిన సందర్భములు కలవు.

విద్యుత్తునందించు పెట్టెను విడిగా పరీక్షించి, మీటరుపై 5 వోల్టులు, 12 వోల్టులు సరిగా వచ్చుచున్నవని నిశ్చయించుకొనెను. ఆ పెట్టెను గాని పాతకాలపు గాజుతెరను గాని పిల్లలు విప్పరాదని ఆమెను హెచ్చరించెను. స్విచ్చి తీసినను వాని లోపల ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలువయుండును. గాజుతెరలో అది వేలకొలది వోల్టులు.

ఇంక స్విచ్చి వేసిరి. తెరపై 640 కిలోబైట్ల జ్ఞాపకశక్తి లెక్కింపబడెను. ఒక్క చిన్న కూత వినబడెను. ఆ జాతి యంత్రములలో ఒక్క కూత ఆరోగ్యమునకు గుర్తు. కాని లోపలి హార్డుడిస్కు మాత్రము తిరుగలేదు.

ఇచ్చట మెఱుగుపఱచుట అను పని ఆరంభమగును. మేనమామ చెడిన డిస్కునకు బదులు, ఒక చిన్న అనుసంధానపు పలకపై కెమెరాలలో వాడు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును అమర్చెను. ఖాళీగూళ్ళలో చిప్పులను చేర్చి జ్ఞాపకశక్తిని 1 మెగాబైటునకు పెంచెను. అయితే తీసిన భాగములలో కారిన బ్యాటరీని తప్ప మఱి దేనిని పాఱవేయలేదు. చెడిన డిస్కును సయితము సంచిలో చుట్టి, తేదీ వ్రాసి దాచెను.

“చెడినదానిని దాచుట ఎందుకు మామయ్యా?”

“మనము చేసిన మార్పును తీసివేసినచో యంత్రము మరల పూర్వరూపమునకు రావలెనమ్మా. మనము దీనికి యజమానులము కాము, కావలివారము” అని ఆయన చెప్పెను.

మంచి సేకర్తలందఱు ఈ ధర్మమును పాటింతురు. 1984లో జపానులోని ఎన్.ఇ.సి. సంస్థ వి20 అను చిప్పును తెచ్చెను. పాత పి.సి.లలోని 8088 చిప్పును ఊడదీసి ఆ గూటిలోనే దీనిని పెట్టవచ్చును. యంత్రము కొంత వేగము పుంజుకొనును. వలదన్నచో పాతచిప్పును మరల పెట్టవచ్చును. ఇట్టి మెఱుగు ఉత్తమము. పలకను కోసి, పెట్టెకు రంధ్రములు పెట్టి చేయు మెఱుగు అధమము.

ఇంక తెలుగు సంగతి. తొలినాటి పి.సి.లకు ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో జరిగిన పరిశోధనల ఫలితముగా ‘జిస్ట్’ అను సాంకేతికవిధానము రూపొందెను. 1988లో పూనాలో ఏర్పడిన సి–డాక్ సంస్థ దానిని పెంపొందించెను. జిస్ట్ కార్డును యంత్రములో గ్రుచ్చినచో తెరపై తెలుగు మున్నగు భారతీయలిపులు కనబడును. మూతబడిన ఒక అచ్చుకూటమునుండి అట్టి కార్డు మేనమామకు పూర్వమే దొరకియుండెను. ఆయన దానిని తెచ్చి పెట్టెలో గ్రుచ్చెను. దాని పట్టీలపై బంగారము తళుక్కుమనెను.

ఫ్లాపీని పెట్టుటకు ముందు దాని అంచున నున్న గంటును చిన్న కాగితపుపట్టీతో అంటించి మూసెను. అట్లు మూసినచో యంత్రము ఫ్లాపీని చదువునే కాని దానిపై వ్రాయదు. మొదటి ఫ్లాపీ శుభ్రముగానుండెను. రెండవదానిపై తేమవలన బూజుమచ్చలు కనబడెను. బూజుతోనే త్రిప్పినచో చదువు ముల్లు ఫ్లాపీని గీసివేయును. కనుక ఆయన లోపలి పళ్ళెమును తొడుగునుండి తీసి, తుడిచి, ఆఱబెట్టి, మఱొక శుభ్రమైన తొడుగులో పెట్టెను.

కొన్ని నిమిషములు ఫ్లాపీ గరగరలాడెను. పిదప తెరపై తెలుగక్షరములు వరుసగా నిలిచెను. మొదట ఊరిపేరు, దాని క్రింద ఇంటిపేళ్ళు, ఒక్కొక్క యింటినుండి పోయినవారి పేళ్ళు, మిగిలినవారి మాటలు. మనుమరాలు చదువుచు చదువుచు ఒకచోట ఆగిపోయెను. తన ఇంటిపేరు అచ్చట ఉండెను. తన ఇంటినుండి పోయినవారి పేళ్ళు ఆమె ఎన్నడును వినలేదు.

రెండవ ఫ్లాపీలో కొంతభాగము చదువుటకు వీలుపడలేదు. బూజు తిన్నచోట నున్న పేళ్ళు తిరిగి రాలేదు. “అయిదేండ్ల క్రిందట తెచ్చియున్నచో బహుశః ఇవియు దక్కెడివి” అని మేనమామ మెల్లగా అనెను.

వారు ఆ వ్రాతనంతయు ఒక తీగ ద్వారా కొత్త కంప్యూటరులోనికి పంపిరి. పాత వ్రాత ‘ఇస్కీ’ అను సంకేతములలో నుండెను. భారత ప్రమాణముల సంస్థ 1991లో దీనిని ప్రమాణముగా ప్రకటించెను. నేడు ప్రపంచమంతట వాడు యూనికోడ్‌లోని తెలుగుభాగము ఇస్కీ అమరికనుండియే తీసికొనబడినది. కనుక ఒకదానినుండి మఱొకదానికి మార్చుట సులభమయ్యెను. పిమ్మట కాగితములపై అచ్చువేసి తాతగారికి అందించిరి. ఆయన కండ్లద్దములు పెట్టుకొని ఆ రాత్రి చాలసేపు చదివెను.

కథ ముగిసినది. అయితే ఇట్టి ఆపద పెద్ద సంస్థలకును తప్పలేదు. ఇంగ్లండులో 1086లో రాజాజ్ఞచే దేశపు భూములను లెక్కించి డూమ్స్‌డే అను గ్రంథము వ్రాసిరి. దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. వారు దేశపు స్థితిగతులను లేజరుపళ్ళెములపై భద్రపఱచిరి. ఆ పనిలో బడిపిల్లలు అనేకులు పాల్గొనిరి. పదునాఱేండ్లు గడచునంతలోనే, 2002 నాటికి, ఆ పళ్ళెములను చదువు యంత్రములు అరుదైపోయెను. పరిశోధకులు శ్రమించి అందలి విషయమును కాపాడవలసివచ్చెను. తోలుపై వ్రాసిన తొలిగ్రంథము మాత్రము నేటికిని చదువదగియున్నది. తాటాకునకు కన్నులు చాలును. ఫ్లాపీకి యంత్రము కావలెను. యంత్రము పోయినచో వ్రాతయు పోయినట్లే.

అందుచేతనే కొన్నిదేశములలో పాత కంప్యూటరులకు ప్రదర్శనశాలలు నెలకొల్పిరి. 1951లో నడక నారంభించిన హార్వెల్ డెకట్రాన్ అను యంత్రమును ఇంగ్లండులోని బ్లెచ్‌లీ పార్కున స్వచ్ఛందసేవకులు బాగుచేసి 2012లో మరల నడిపిరి.

బాలలారా! 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి చదువుతోపాటు చేతిపనులను నేర్పించిరి. చేయి ఎఱిగిన విద్య మనస్సున నాటుకొనునని ఆనాటి పెద్దల విశ్వాసము. మీ యింటి అటకమీదనో, బడి మూలగదిలోనో ఒక పాత యంత్రముండవచ్చును. దానిని తూకమునకు వేయుటకు ముందు అందేమున్నదో పెద్దలనడుగుడు. తొందరపడి స్విచ్చి వేయకుడు. తెలిసినవారి చెంత కూర్చుండి విప్పుట, తుడుచుట, అతుకుట నేర్చికొనుడు. పాతదానిని కాపాడుట కొత్తదానిని ద్వేషించుట కాదు. పాతదాని నోట ఇంకను మిగిలియున్న మాటను కొత్తదానికి అప్పగించుటయే.

ప్రశ్నలు

1. గిల్టునగకును కంప్యూటరు కార్డునకును గల పోలిక యేమి?
2. మేనమామ స్విచ్చి వేయుటకు ముందు చేసిన పనులను వరుసగా వ్రాయుడు.
3. ఉత్తమమైన మెఱుగునకును అధమమైన మెఱుగునకును భేదమేమి?
4. “మనము దీనికి యజమానులము కాము, కావలివారము” — ఈ మాటను సందర్భసహితముగా వివరింపుడు.