దూరపు కంప్యూటరులందలి ఫైళ్లను సరిపోల్చుట

ఒకే గ్రంథమునకు రెండు వ్రాతప్రతులున్నచో, అవి యక్షరాక్షరము సరిపోవుచున్నవా యని చూచుట పండితుల పని. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొరగారు కడపలో పండితులను నియమించి, తెలుగు కావ్యముల ప్రతులను ఒకదానితో నొకటి పోల్పించిరి. నేడు కంప్యూటరు ఫైళ్లకును అట్టి పరిశీలన యవసరమైనది. దాని విధానమును మేమీ వ్యాసమున వివరింపదలచితిమి.

పరీక్షల మార్కుల పట్టిక యొకటి పాఠశాల కంప్యూటరులోను, దాని ప్రతి వేఱొక పట్టణమందలి కంప్యూటరులోను ఉన్నదనుకొందము. ఇచ్చటిది చెడిపోయినచో అచ్చటిదే మనకాధారము. ఆ రెండును సమానములని యెట్లు తెలియును? పేరొకటే యగుట చాలదు. పరిమాణమొకటే యగుటయు చాలదు. 47 ఉండవలసినచోట 74 పడినను ఫైలు పరిమాణము మారదు గదా!

తెరపై బొమ్మలను నొక్కుటకు మాఱుగా, ఆజ్ఞలను టైపు చేసి పని చేయించు పద్ధతికి కమాండ్ లైన్ అని పేరు. దూరపు కంప్యూటరునకు ఆజ్ఞ పంపుటకు ఎస్.ఎస్.హెచ్. అను సాధనము కలదు. దీనిని 1995లో ఫిన్లాండు దేశీయుడగు టాటు యులోనెన్ రచించెను. ఇది మన మాటలను దారిలో నితరులు చదువజాలని రహస్యలిపిలోనికి మార్చి పంపును.

మొదట చేయవలసినది ముద్ర చూచుట. ఎస్.హెచ్.ఎ. 256 సమ్ అను ఆజ్ఞ నిచ్చినచో, ఫైలు ఎంత పెద్దదైనను, దానినంతయు చదివి 64 గుర్తులుగల ముద్ర నొకదానిని ఇచ్చును. ఫైలులో నొక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. ఇచ్చట నొకసారి, ఎస్.ఎస్.హెచ్. ద్వారా అచ్చట నొకసారి ఈ ఆజ్ఞ నిచ్చి, రెండు ముద్రలను పోల్చవలయును. ఫైలంతటిని తెప్పింప నక్కఱలేదు. 64 గుర్తులు వచ్చిన చాలును.

ముద్రలు వేఱైనచో, భేదమెచ్చటనో చూపునది డిఫ్. ఇది 1974లో బెల్ ప్రయోగశాలల యూనిక్స్ అయిదవ కూర్పుతో వెలువడినది. డగ్లస్ మెకిల్రాయ్ దీని కర్తలలో ముఖ్యుడు. క్యాట్ అను ఆజ్ఞతో దూరపు ఫైలును చదివించి, నిలువుగీత యను గుర్తుచే ఆ పాఠమును ఇచ్చటి డిఫ్‌నకు అందింపవచ్చును. అది భేదించిన పంక్తులను మాత్రమే చూపును. భేదము లేనిచో ఏమియు పలుకదు. పైకి సమానముగా దోచు పంక్తులన్నియు భేదించినవని చూపినచో, పంక్తి చివర కంటికి గనబడని గుర్తులను అనుమానింపవలయును. విండోస్‌లో తయారైన ఫైళ్లకు, లినక్స్‌లో తయారైన వాటికి ఈ గుర్తులు వేఱు.

ఫైళ్లు వందలకొలది యున్నచో ఆర్‌సింక్ మేలు. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనువారు దీనిని వెలువరించిరి. ఇది సామాన్యముగా పరిమాణమును, మార్చిన కాలమును మాత్రమే చూచును. సి అను ఐచ్ఛికమును చేర్చినచో లోపలి విషయమును పోల్చును. ఎన్ అను దానిని చేర్చినచో ఏ ఫైలును మార్చదు. ఐ అను దానిని చేర్చినచో భేదించిన ఫైళ్ల పేర్లను వివరించును. ఎన్ మఱచినచో ఒక ప్రతి మీద రెండవది పడి, భేదమునకు సాక్ష్యమే నశింపవచ్చును.

యంత్రము భేదమును చూపగలదే గాని, 47 నిజమో 74 నిజమో చెప్పజాలదు. అందులకు మరల జవాబు పత్రమును తీసి చూడవలసినదే. ఒక బాలుని ఉత్తీర్ణత ఆ రెండంకెలపై నాధారపడి యుండవచ్చును. కావున విద్యార్థులు ఈ సాధనములను నేర్చి, సరిపోల్చక మునుపు ఏ ప్రతిని చెఱపకుందురుగాక.